'ఐ విల్ సెండ్' అంటే పంపేదెవరు? ఇంగ్లీష్ సర్వనామాలపై ఒక కేస్ స్టడీ

ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఆఫీసు ఇంగ్లీష్ నేర్పడం నా పని. ఈ కేసులోని విద్యార్థిని ఒక కంపెనీలో ప్రాజెక్ట్ కోఆర్డినేటర్. క్లయింట్ చెప్పింది టీమ్‌కి, టీమ్ చెప్పింది మేనేజర్‌కి చేరవేయడమే ఆమె ఉద్యోగంలో సగం. డిగ్రీ దాకా చదువు తెలుగు మీడియంలోనే సాగింది. ఇంగ్లీష్ మాటలకు కొదవ లేదు, స్పెల్లింగులు తప్పవు, టెన్సులు కూడా దాదాపు సరిగ్గానే వాడుతుంది. అయినా ఆమె మెయిల్ చదివినవాళ్లు తిరిగి అడిగే ప్రశ్న మాత్రం తరచూ ఒక్కటే: ఎవరు?

ఆమె నా దగ్గరకు రావడానికి కారణమైన వాక్యం ఇది: "క్లయింట్ టోల్డ్ ఐ విల్ సెండ్ ద ఫైల్ టుమారో." రేపు ఫైల్ పంపిస్తానని క్లయింట్ చెప్పాడని ఆమె ఉద్దేశం. టీమ్ చదువుకున్నది వేరు. ఫైల్ ఈమే పంపుతుంది, ఆ మాట క్లయింట్‌తో కూడా అయిపోయింది అనుకున్నారు. మరునాడంతా టీమ్ ఈమె మెయిల్ కోసం, ఈమె క్లయింట్ మెయిల్ కోసం ఎదురుచూశారు. సాయంత్రానికి టెన్షన్ మొదలైంది.

ఆమె దీన్ని టెన్స్ తప్పు అనుకుంది. 'విల్' బదులు 'వుడ్' రాయాల్సింది అని ఎవరో చెప్పారట. 'వుడ్' రాసినా టీమ్‌కి అర్థమయ్యేది అదే. చిక్కు అంతా 'ఐ' దగ్గర ఉంది.

పట్టిక కంఠతా వచ్చు

మొదట సర్వనామాల పట్టిక చెప్పమన్నాను. ఐ, మి, మై, మైన్ దగ్గర మొదలుపెట్టి దే, దెమ్, దెయిర్, దెయిర్స్ దాకా ఆగకుండా చెప్పేసింది. ఒక్క తప్పు లేదు. సర్వనామాల్లో తప్పులు చేసేవాళ్లకు చాలామంది ట్రైనర్లు ఇచ్చే మొదటి మందు ఈ పట్టికే. ఆమెకూ ఇంతకుముందు ఇద్దరు ముగ్గురు ఇచ్చారు. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. రూపాలు మరిచిపోతే వెతుక్కోవడానికి పట్టిక పనికొస్తుంది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అందులో ఎక్కడా కనబడదు. సర్వనామం ఎంచుకోవడానికి ముందు తెలియాల్సింది అదే.

తర్వాత 'షీ' ఏ పర్సన్ అని అడిగితే, తడుముకోకుండా "ఫస్ట్ పర్సన్" అంది. ఇది నేను చాలామంది దగ్గర విన్న జవాబే. సంస్కృత వ్యాకరణ సంప్రదాయం నుంచి మనకు వచ్చిన లెక్కలో వాడు, ఆమె, అది ప్రథమ పురుష. నువ్వు, మీరు మధ్యమ పురుష. నేను, మేము ఉత్తమ పురుష. ఇంగ్లీష్ లెక్క సరిగ్గా అటువైపు నుంచి మొదలవుతుంది. ఐ, వీ ఫస్ట్ పర్సన్, యూ సెకండ్, హీ, షీ, ఇట్, దే థర్డ్. ప్రథమ అంటే ఫస్ట్ కదా అని పెట్టేసుకుంటే లెక్క తలకిందులవుతుంది. స్కూల్లో తెలుగు వ్యాకరణం శ్రద్ధగా చదివినవాళ్లే ఇందులో ఎక్కువగా పడతారు. ఆమెకు అంకెలు వదిలేయమని చెప్పాను. మాట్లాడేవాళ్లు, వినేవాళ్లు, మిగతా లోకం. ఈ మూడు పేర్లతోనే చివరిదాకా పనిచేశాం.

పేర్ల తికమక తీరింది కానీ దానివల్ల మెయిళ్లు బాగుపడలేదు, బాగుపడతాయని నేనూ అనుకోలేదు. పర్సన్ అనేది మనిషికి అతికించిన ముద్ర కాదని, ఆ మాట నడుస్తున్నంతసేపు ఆ మనిషి వేసే పాత్ర అని ఆమెకు తెలియాలి. ఒకే మనిషి ఫోన్లో మాట్లాడుతుంటే 'ఐ', అవతలివాళ్లు జవాబిస్తుంటే 'యూ', ఫోన్ పెట్టేశాక పక్కవాళ్ల మాటల్లో 'షీ'. పాత్ర మారగానే సర్వనామం మారాలి. చెబితే చిన్న సంగతే. రాసేటప్పుడు అది ఎందుకు జారిపోతోందో కనిపెట్టాల్సి వచ్చింది.

క్రియ చివర మనిషి

ఒక చిన్న తెలుగు పేరా ఇచ్చి ఇంగ్లీష్‌లో రాయమన్నాను. "నిన్న ఆఫీసుకు ఆలస్యంగా వచ్చాను. అప్పటికే మీటింగ్ మొదలుపెట్టేశారు. రిపోర్ట్ ఇంకా పంపలేదు. ఇవాళ పంపాలి. కొంచెం కష్టమే. ఏమైనా సాయం చేస్తావా?" మామూలు తెలుగు. మొత్తం మీద ఒక్క సర్వనామం కూడా లేదు, అయినా చదివేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు.

ఆమె రాసింది: "యెస్టర్డే కేమ్ లేట్ టు ఆఫీస్. ఆల్రెడీ స్టార్టెడ్ మీటింగ్. రిపోర్ట్ నాట్ సెంట్. టుడే హావ్ టు సెండ్. ఈజ్ లిటిల్ డిఫికల్ట్. విల్ యూ హెల్ప్?"

చివరి ప్రశ్నలో తప్ప ఎక్కడా కర్త లేడు. ఆ 'యూ' కూడా 'విల్ యూ' అనే జంట నోటికి అలవాటై ఉండడం వల్ల వచ్చిందే.

తెలుగు క్రియ తన చివర మనిషిని మోసుకొస్తుంది. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చాము, వచ్చారు, వచ్చాయి. చివరి అక్షరాలు వింటే చాలు, నేను, నువ్వు అని విడిగా చెప్పక్కర్లేదు. చెబితే ఒక్కోసారి నొక్కి చెప్పినట్టుంటుంది కూడా. ఇంగ్లీష్‌లో 'కేమ్' అందరికీ ఒకటే. ప్రెజెంట్ టెన్స్‌లో హీ, షీ, ఇట్‌లకు ఒక 'ఎస్' చేరుతుంది. 'బీ' క్రియకు ఆమ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ అనే తేడాలున్నాయి. అంతటితో సరి. ఒకప్పుడు ఇంగ్లీష్ క్రియకూ ఇలాంటి చివర్లు మరికొన్ని ఉండేవి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ తెరిస్తే 'దౌ కమెస్ట్' (నువ్వు వస్తావు), 'హీ కమెత్' (అతను వస్తాడు) లాంటి రూపాలు కనిపిస్తాయి. అవి రాలిపోయాయి. ఇప్పుడు మనిషెవరో చెప్పే బాధ్యత దాదాపు అంతా సర్వనామం మీదే ఉంది. అది తీసేస్తే వాక్యం అనాథ.

ఈ మాట ఆమెకు వెంటనే ఎక్కింది. తెలుగు క్రియ చివర చూడు, అక్కడున్న మనిషిని ఇంగ్లీష్ వాక్యం ముందుకు తీసుకురా అని చెప్పాను. 'వచ్చాను'లో 'ను' ఉంది, కాబట్టి 'ఐ'. ఇంగ్లీష్ నేర్చుకునేటప్పుడు తెలుగులో ఆలోచించొద్దని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. తెలుగు క్రియలో సమాచారం సిద్ధంగా ఉన్నప్పుడు దాన్ని పారేసుకోవడం ఎందుకు?

కానీ ఆమె పాత మెయిళ్లు ముందేసుకుని చూస్తే, కర్త తప్పిపోయిన వాక్యాల్లో చాలావాటికి ఈ సూత్రం పనిచేయదని తేలింది. ఆ వాక్యాల వెనకున్న తెలుగు క్రియలు ఎలాంటివంటే: పంపలేదు, పంపాలి, పంపకూడదు, పంపొచ్చు, తెలుసు, తెలియదు, కావాలి. వీటి చివర మనిషి లేడు! నేను పంపలేదు, నువ్వు పంపలేదు, వాళ్లు పంపలేదు, అన్నిటికీ అదే రూపం. ఎవరన్నది సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడుకుంటే ఎప్పుడూ తేడా రాదు. మెయిల్లో "షుడ్ సెండ్ బై మండే" అని రాస్తే, పంపాల్సింది రాసినవాళ్లా, చదివేవాళ్లా, మూడోవాళ్లా? ఆమెకు వచ్చే 'ఎవరు?' అనే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. పని అప్పగించే వాక్యాలన్నీ '-ఆలి'తోనే కదా నడిచేది, ఆఫీసులో నష్టం కూడా వాటివల్లే ఎక్కువ.

తెలుసు, కావాలి దగ్గర ఇంకో మెలిక ఉంది. తెలుగులో 'నాకు తెలుసు', 'నాకు కావాలి'. ఇంగ్లీష్‌లో ఆ 'నాకు' కర్తగా మారి ముందుకొస్తుంది: 'ఐ నో', 'ఐ నీడ్'. ఆమె "ఫర్ మి నీడ్ టూ డేస్" అని రాసేది. ఇందులో 'మి' ఉంది, కర్త లేడు. 'నాకు' కనబడగానే 'మి' వైపు చెయ్యి పోతుంది. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు అర్థమైంది, నాకు గుర్తుంది, నాకు నచ్చింది. వీటికి సూత్రం చెప్పి లాభం లేదని, ఈ గుంపు మొత్తాన్ని 'ఐ'తో జతచేసి నోటికి వచ్చేదాకా పలికించాను.

'కొంచెం కష్టమే' అనే వాక్యానికి తెలుగులో మనిషి లేడు, వెతికినా దొరకడు. అయినా ఇంగ్లీష్‌కి ఆ చోటు ఖాళీగా ఉంటే కుదరదు. అక్కడ 'ఇట్' వచ్చి కూర్చుంటుంది. 'ఇట్ ఈజ్ డిఫికల్ట్', 'ఇట్ ఈజ్ లేట్', 'ఇట్ ఈజ్ రైనింగ్'. ఈ 'ఇట్' దేన్నీ చూపించదు. "అయితే అది అంటే ఏది?" అని ఆమె పట్టుబట్టి అడిగింది. ఏదీ కాదు అని ఒప్పుకోవడానికి కొంత టైం పట్టింది.

ఇందుకు మేం పెట్టుకున్న పద్ధతి సాదాసీదాది. మెయిల్ ముందు తెలుగులో మనసులో వచ్చినట్టు రాసుకోవాలి. ప్రతి క్రియ కింద పెన్సిల్‌తో ఆ పని చేసేది ఎవరో పేరు రాయాలి. మేనేజర్, క్లయింట్, నేను, మా టీమ్. పేరు రాయలేకపోతే ఆ వాక్యం ఇంగ్లీష్‌లోకి వెళ్లడానికి సిద్ధంగా లేదన్నట్టే. ఇక్కడ బయటపడ్డ ఒక విషయం నాకు ముఖ్యంగా అనిపించింది. కొన్నిచోట్ల పేరు రాయలేకపోవడానికి కారణం భాష కాదు, ఆ పని ఎవరిదో ఆఫీసులో ఎవరూ తేల్చకపోవడం. అది నా చేతిలో లేని సంగతి, కానీ ఆమె ఇప్పుడు మెయిల్ రాయకముందే అడిగి తెలుసుకుంటోంది.

ఎవరి నోటి మాట

ఇక అసలు వాక్యం. 'పంపిస్తానన్నాడు' అనే మాటను విడదీయమన్నాను. పంపిస్తాను, అన్నాడు. లోపలి క్రియ నేను అంటోంది, బయటి క్రియ వాడు అంటోంది. ఇద్దరూ ఒకరే. తెలుగులో ఇది తప్పు కాదు, వింత కూడా కాదు. 'అని' అనే మాట అవతలి మనిషి అన్నదాన్ని దాదాపు అన్నట్టే పట్టుకుంటుంది. కావాలంటే 'తాను పంపిస్తానన్నాడు' అని కూడా అంటాం. కర్త 'తాను', క్రియ చివర 'ను'. అయినా ఎవరూ తడబడరు.

ఆమె ఆ లోపలి 'ను'ను చూసింది, నేను నేర్పబోయే సూత్రాన్ని నాకంటే ముందే పాటించినట్టుగా, 'ఐ' రాసింది. క్రియ చివరి మనిషిని ముందుకు తెచ్చే పద్ధతి ఇక్కడ తిరగబడుతుంది. అందుకే దీన్ని విడిగా, ఎక్కువ టైం పెట్టి చేశాం.

ఇంగ్లీష్‌లోనూ అవతలివాళ్ల మాటను ఉన్నదున్నట్టు పెట్టొచ్చు. 'ద క్లయింట్ సెడ్' అని, కామా పెట్టి, కోట్స్ తెరిచి, 'ఐ విల్ సెండ్ ద ఫైల్ టుమారో' అని మూసేస్తే తప్పేం లేదు. అప్పుడు ఆ 'ఐ' క్లయింటే. కోట్స్ తీసేసిన మరుక్షణం ఆ 'ఐ' మెయిల్ రాసినవాళ్లదైపోతుంది. కోట్స్ లేని ఇంగ్లీష్ వాక్యం మొత్తం ఒకే నోటి నుంచి వస్తుంది, అందులోని ప్రతి 'ఐ' ఆ నోటిదే. ప్రతి 'యూ' ఆ మెయిల్ చదువుతున్నవాళ్లదే. క్లయింట్ ఫోన్లో ఎవరితో ఏమన్నాడన్నది దానికి అనవసరం.

స్కూల్లో రిపోర్టెడ్ స్పీచ్, అంటే ఒకరన్న మాటను మన మాటల్లో చెప్పడం, నేర్పేటప్పుడు బలమంతా టెన్స్ మార్చడం మీద పెడతారు. విల్ ఉంటే వుడ్, ఈజ్ ఉంటే వాజ్, టుమారో ఉంటే ద నెక్స్ట్ డే. నా దృష్టిలో ఇది తలకిందుల బోధన. క్లయింట్ చెప్పిన రోజే మెయిల్ రాస్తుంటే, ఫైల్ ఇంకా రావాల్సే ఉంటే, "ద క్లయింట్ సెడ్ హీ విల్ సెండ్ ద ఫైల్ టుమారో" అని రాసినా ఇంగ్లీష్‌వాళ్లు తప్పు పట్టరు. 'విల్' ఉండనివ్వొచ్చు, 'టుమారో' ఉండనివ్వొచ్చు. 'ఐ'ని మాత్రం ఉండనివ్వకూడదు. టెన్స్ మార్చకపోతే చాలాసార్లు గడిచిపోతుంది, సర్వనామం మార్చకపోతే పని వేరేవాళ్ల నెత్తిన పడుతుంది.

'టోల్డ్' వాడినప్పుడు ఎవరికి చెప్పారో కూడా రాయాలి: 'టోల్డ్ మి', 'టోల్డ్ అజ్'. అది రాయడం ఇష్టం లేకపోతే 'సెడ్' చాలు. ఇదీ ఒకరకంగా పర్సన్ సంగతే, వినేవాళ్లను దాచేయడానికి 'టోల్డ్' ఒప్పుకోదు.

'ఐ' కంటే 'యూ' తప్పు ఎక్కువ ప్రమాదం. ఆమె టీమ్‌లోని ఒకతనికి రాసిన మెయిల్లో ఈ వాక్యం దొరికింది: "మేనేజర్ టోల్డ్ యూ హ్యాండిల్ దిస్ ఇష్యూ." మేనేజర్ ఆమెతో 'మీరే చూసుకోండి' అన్నారు. ఆమె ఆ 'మీరు'ను అలాగే తెచ్చి 'యూ' అని పెట్టింది. చదివినతను ఆ పని తనకు అప్పగించారనుకున్నాడు. రాయాల్సింది: "ద మేనేజర్ టోల్డ్ మి టు హ్యాండిల్ దిస్ ఇష్యూ." ప్రశ్నలదీ ఇదే దారి. 'ఎప్పుడు పంపుతారు అని అడిగాడు' అన్నది ఆమె చేతిలో "హీ ఆస్క్డ్ వెన్ విల్ యూ సెండ్" అయ్యేది. కావాల్సింది "హీ ఆస్క్డ్ మి వెన్ ఐ వుడ్ సెండ్ ఇట్."

దీనికి నేను ఇచ్చిన అభ్యాసం ఒకే మాటను వేర్వేరు నోళ్లలో పెట్టడం. క్లయింట్ ఆమెతో "ఐ విల్ సెండ్ యూ మై రిపోర్ట్" అన్నాడనుకుందాం. ఈ మాటను ఆమె టీమ్‌కి చెబితే: "హీ సెడ్ హీ వుడ్ సెండ్ మి హిజ్ రిపోర్ట్." రిపోర్ట్ రాలేదు, క్లయింట్‌కే గుర్తుచేయాలి: "యూ సెడ్ యూ వుడ్ సెండ్ మి యువర్ రిపోర్ట్." ఆమె సెలవులో ఉంది, పక్క సీటు అమ్మాయి మేనేజర్‌కి చెబుతోంది: "హీ సెడ్ హీ వుడ్ సెండ్ హర్ హిజ్ రిపోర్ట్." మళ్లీ క్లయింటే రెండు రోజుల తర్వాత తన మాట తలుచుకుంటే: "ఐ సెడ్ ఐ వుడ్ సెండ్ యూ మై రిపోర్ట్." రిపోర్ట్ ఒకటే, పంపేవాడొకడే, అందుకునేదీ ఒక్కరే. వాళ్లను పిలిచే మాటలు మాత్రం ప్రతిసారీ మారుతున్నాయి, ఎందుకంటే నోరు మారింది, చెవి మారింది.

ఆమె మొదట్లో ఇది లెక్కల పరీక్షలా చేసింది, కాగితం మీద బాణాలు గీసుకుంటూ. నేను వద్దనలేదు. కొన్నాళ్లకు బాణాలు అవే తగ్గాయి. నిజమైన మెయిళ్లలో ఉపయోగపడింది మాత్రం ఒక్క ప్రశ్న: ఈ మెయిల్ కింద సంతకం ఎవరిది? ఆ సంతకం చేసినవాళ్లే 'ఐ'. పైన 'డియర్' తర్వాత ఎవరి పేరుందో వాళ్లే 'యూ'. ఇక మిగిలినవాళ్లంతా, ఎంత పెద్దవాళ్లయినా, ఎంత దగ్గరివాళ్లయినా, హీ, షీ, దే.

గౌరవం ఎక్కడ పెట్టాలి

'ఎంత పెద్దవాళ్లయినా' అన్న చోట ఆమె ఆగింది. మేనేజర్‌ని పట్టుకుని 'యూ' అనడం ఆమెకు లోపల్లోపల ఇబ్బంది. అందుకే మేనేజర్‌కే రాసే మెయిల్లో "సర్ కెన్ చెక్ ద ఫైల్" అని రాసేది. వినే మనిషిని మిగతా లోకంలోకి నెట్టేయడం అన్నమాట. ఆయన దాన్ని చదివి ఏ సర్ అనుకున్నారో తెలియదు.

తెలుగులో గౌరవం సర్వనామంలో, క్రియలో ఉంటుంది. నువ్వు, మీరు; వాడు, అతను, ఆయన, వారు. ఇప్పటి ఇంగ్లీష్ సర్వనామానికి ఆ పని లేదు. ఒకప్పుడు కొంత ఉండేది. ఒక్కరిని, దగ్గరివాళ్లను, కిందివాళ్లను 'దౌ' అనేవారు. నలుగురిని 'యీ', 'యూ' అనేవారు, క్రమంగా గౌరవించాల్సిన ఒక్కరినీ అలాగే పిలవడం మొదలైంది. 17వ శతాబ్దం గడిచేసరికి మామూలు వాడుకలో 'దౌ' దాదాపు కనుమరుగైంది, అందరికీ 'యూ' మిగిలింది. అంటే మిగిలింది మన 'మీరు' లాంటిదే. ఒక్క మనిషికి కూడా 'యూ ఈజ్' అనకుండా 'యూ ఆర్' అంటామంటే, ఆ బహువచనం గుర్తు ఇంకా పోలేదన్నమాట. ఈ కథ చెప్పాక ఆమెకు 'యూ' అనడానికి మొహమాటం తగ్గింది. మర్యాద చూపించాలంటే ఇంగ్లీష్‌లో చోటు వేరే ఉంది: 'కుడ్ యూ ప్లీజ్ చెక్ ద ఫైల్'. మర్యాద 'కుడ్'లో, 'ప్లీజ్'లో ఉంది.

దీనికి అవతలి వైపు తప్పు పెద్దవాళ్ల గురించి ఇంకొకరికి చెప్పేటప్పుడు వచ్చేది. "అవర్ డైరెక్టర్ విజిటెడ్ టుడే. దే ఆర్ హ్యాపీ విత్ ద వర్క్." 'ఆయన వచ్చారు, సంతోషపడ్డారు' అనే బహువచన క్రియ 'దే ఆర్'గా మారింది. చదివినవాళ్లు డైరెక్టర్‌తో పాటు ఇంకెవరో వచ్చారనుకున్నారు. ఇక్కడ 'హీ ఈజ్' అనాలి. 'హీ' అంటే వాడు మాత్రమే కాదని, వాడు, అతను, ఆయన మూడూ అదేనని పదేపదే చెప్పాల్సి వచ్చింది.

అంతలో ఆమె తెలివైన ప్రశ్న వేసింది. ఒక్కరికి 'దే' వాడడం ఇంగ్లీష్ వెబ్‌సైట్లలో తనే చూసిందట, మరి అది తప్పా? తప్పు కాదు, కానీ అది గౌరవం కోసం కాదు. మనిషి ఆడో మగో తెలియనప్పుడు, తెలియాల్సిన అవసరం లేనప్పుడు, లేదా ఆ మనిషే తనను 'దే' అని పిలవమని కోరుకున్నప్పుడు వాడతారు. మొదటి రెండు వాడుకలు కొత్తవి కూడా కావు, ఒక్కరిని 'దే' అనడం 14వ శతాబ్దం నుంచే ఇంగ్లీష్ రాతల్లో ఉంది. 2019 లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు 'దే'ని ఆ ఏటి మాటగా ఎంచుకుంది. అదే ఏడాది వచ్చిన ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి మార్గదర్శిని ఏడో ఎడిషన్ ఏకవచన 'దే'ని సమర్థించింది. అప్పుడు కూడా క్రియ 'దే ఆర్' గానే ఉంటుంది, 'యూ ఆర్' లాగే.

ఇది ఆమెకు నేరుగా పనికొచ్చింది. కొందరు క్లయింట్లు ఆమెకు మెయిల్లో పేరుగా మాత్రమే తెలుసు. ఆ పేరు చూసి ఆడో మగో చెప్పలేకపోతే ఊహించి 'హీ' రాసే బదులు 'దే' రాయొచ్చు. డైరెక్టర్ ఆయనేనని తెలిసినప్పుడు, ఆయనే వేరేలా కోరనప్పుడు, 'హీ'.

మిగతావి

'తన' చిక్కు చిన్నదే. 'ఆమె తన లాప్‌టాప్ ఇచ్చింది' అనే వాక్యాన్ని "షీ గేవ్ హిజ్ లాప్‌టాప్" అని రాసేది. 'తన'లో ఆడ, మగ తేడా లేదు కాబట్టి ఇంగ్లీష్‌లో ఏదో ఒకటి చేతికొస్తుంది. ఎవరి వస్తువో వాళ్లను బట్టి హిజ్, హర్ అని గుర్తుపెట్టుకుంది, సరిపోయింది. నిజానికి ఇక్కడ తెలుగే మెరుగు. "ద మేనేజర్ టోల్డ్ ద క్లయింట్ దట్ హిజ్ ఫైల్ వాజ్ మిస్సింగ్" అంటే ఫైల్ ఎవరిది? 'తన ఫైల్', 'అతని ఫైల్' అని మనం విడదీసే చోట ఇంగ్లీష్‌కి ఒక్క 'హిజ్' ఉంది. అలాంటి చోట సర్వనామం మానేసి మళ్లీ పేరే రాయమన్నాను. 'ద క్లయింట్స్ ఫైల్'. ఒకే పేరు రెండుసార్లు వస్తే బాగుండదని ఆమెకు స్కూల్లో చెప్పారట. ఆఫీసు మెయిల్‌కి అందం కంటే స్పష్టత ముఖ్యం.

'వీ' సంగతీ అలాంటిదే. మనం, మేము రెండూ అందులోనే కలిసిపోతాయి. క్లయింట్‌కి "వీ విల్ బేర్ ద కాస్ట్" అని రాస్తే ఖర్చు మా కంపెనీదా, మనిద్దరిదా? డబ్బు, గడువు, బాధ్యత ఉన్న వాక్యాల్లో 'వీ' బదులు 'అవర్ టీమ్' అనో 'బోత్ టీమ్స్' అనో రాయమన్నాను. 'లెట్స్' మాత్రం ఎప్పుడూ 'మనం'. 'లెట్ అజ్' అని విడదీసి రాస్తే 'మమ్మల్ని చేయనివ్వండి' అనే అర్థం కూడా వస్తుంది.

"మైసెల్ఫ్ అండ్ మై టీమ్ లీడ్ విల్ అటెండ్" లాంటివి త్వరగానే పోయాయి. పక్క మనిషిని తీసేసి చదవమన్నాను. 'మైసెల్ఫ్ విల్ అటెండ్' అని ఎవరూ అనరు కదా, కాబట్టి 'మై టీమ్ లీడ్ అండ్ ఐ'. అదే పరీక్షతో 'సెండ్ ఇట్ టు మై టీమ్ లీడ్ అండ్ మి' కూడా తేలిపోతుంది. అక్కడ 'ఐ' అంటే ఎక్కువ మర్యాద అనుకునేవాళ్లు ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్లలోనూ ఉన్నారు.

ఇప్పుడు ఎక్కడున్నాం

ఈ మధ్య ఆమె రాసిన మెయిల్లోంచి రెండు వాక్యాలు: "ద క్లయింట్ సెడ్ దే విల్ షేర్ ద కరెక్టెడ్ ఫైల్ బై ఫ్రైడే. వన్స్ ఐ రిసీవ్ ఇట్, ఐ విల్ ఫార్వర్డ్ ఇట్ టు యూ, అండ్ యువర్ టీమ్ కెన్ స్టార్ట్ టెస్టింగ్." ఎవరు పంపుతారు, ఎవరు అందుకుంటారు, ఎవరు మొదలుపెడతారు, అన్నీ ఉన్నాయి. ఇంగ్లీష్ పరంగా ఇందులో గొప్పదనం ఏమీ లేదు. తిరుగు మెయిల్లో 'ఎవరు?' రాలేదు, నాకు కావాల్సింది అదే.

రాతలో 'సర్ కెన్' పూర్తిగా పోయింది. కర్త లేని వాక్యాలు తొందరలో రాసిన చాట్ మెసేజ్‌లలో ఇంకా వస్తున్నాయి. చాట్‌లో ఇంగ్లీష్‌వాళ్లూ 'విల్ సెండ్ సూన్' అంటారు కాబట్టి వాటిని నేను తప్పుగా లెక్కపెట్టలేదు, '-ఆలి' నుంచి వచ్చిన 'షుడ్' వాక్యాలను మాత్రం వదల్లేదు. ఫోన్ కాల్స్‌లో డైరెక్టర్ గురించి 'దే' ఇప్పటికీ దొర్లుతోంది. దాన్ని ప్రస్తుతానికి పట్టించుకోవద్దన్నాను. కాల్‌లో అనుమానం వస్తే అవతలివాళ్లు అక్కడికక్కడే అడుగుతారు.

ఇప్పుడు ఆమెకు మీటింగ్ మినిట్స్, అంటే మీటింగ్‌లో ఎవరు ఏమన్నారో, ఏం తేలిందో నమోదు చేసే కాగితం, రాసే పని అప్పగించారు. ఆమె పద్ధతి ప్రకారం సంతకం చేసినవాళ్లు 'ఐ', 'డియర్' తర్వాతి వాళ్లు 'యూ'. మినిట్స్‌లో సాధారణంగా ఇద్దరూ ఉండరు. గదిలో కూర్చున్న ప్రతి ఒక్కరూ, రాస్తున్న ఆమె కూడా, మిగతా లోకంలోకి వెళ్లాలి. 'ఐ అగ్రీడ్ టు షేర్ ద షెడ్యూల్' అనకూడదు, 'ద కోఆర్డినేటర్ అగ్రీడ్ టు షేర్ ద షెడ్యూల్' అనాలి. తన గురించి తనే మూడో మనిషిలా రాసుకోవడం ఆమెకు నవ్వు తెప్పిస్తోంది. మొదటి డ్రాఫ్ట్‌లో రెండు చోట్ల 'ఐ' మిగిలిపోయింది, ఒకచోట 'వీ' ఉంది. ఆ 'వీ'లో ఎవరెవరు ఉన్నారని అడిగితే, మీటింగ్‌కి వచ్చినవాళ్లలో ఇద్దరు అందుకు ఒప్పుకోలేదని గుర్తొచ్చింది. ఆ 'వీ' తీసేసి, ఒప్పుకున్నవాళ్ల పేర్లు రాసి పంపింది.